నడుము లేని పొగగొట్టం

అడిగేవాళ్ళు లేకపోతే మగవాడు సొంత ఇంటికే రంపం పెడతాడు. ఈ మాట ఊరికే అనడం లేదు. మా చెల్లెలు ఏవ్రిల్ మొగుడు రోలండ్ పెట్టాడు, నా చెవులారా విన్నాను. మా గార్త్ వీధిలో ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కొండెక్కుతుంటాయి. వాళ్ళదీ నాదీ పక్కపక్క ఇళ్ళు. మధ్యలో ఒకటే గోడ, కప్పు మీద ఇద్దరికీ కలిపి ఒకటే పొగగొట్టం. అక్కడ ఆయన తుమ్మితే ఇక్కడ నాకు తెలుస్తుంది. రంపం పెడితే తెలియదా?

సంగతంతా వాళ్ళ మనవడి గురించి. పేరు ఎల్లిస్, ఆరేళ్ళవాడు. వాళ్ళమ్మ లోర్నా ఏవ్రిల్‌కి ఒక్కగానొక్క కూతురు. తాగుడికి బానిసైపోయింది. ఇవాళ ఆస్పత్రి, రేపు ఇల్లు, ఎల్లుండి మళ్ళీ ఆస్పత్రి. పిల్లాణ్ణి ఊరి పాలన చూసే కౌన్సిల్ వాళ్ళు తీసుకెళ్ళి ముందు ఒకరింట్లో పెట్టారు, తర్వాత ఇంకొకరింట్లో, ఆ తర్వాత మరొకరింట్లో. పిల్లి తన కూనల్ని ఇల్లిల్లూ తిప్పినట్టు తిప్పారు. అమ్మమ్మా తాతయ్యా పెంచుకుంటామంటే సోషల్ వర్కర్ కాదనలేదు. ఒక్కటే అడిగింది. వాడికంటూ ఒక గది చూపించండి, అంది. హాల్లో సోఫా కాదు, మీ గదిలో మూలన మంచం కాదు, తలుపున్న గది. వేసవి సెలవులు అయిపోయేలోగా చూపించలేకపోతే వాణ్ణి ఎక్కడో దక్షిణాన ఉన్న ఒక కుటుంబానికి శాశ్వతంగా ఇచ్చేస్తారట. అలా ఇచ్చాక పుట్టినరోజుకో కార్డు, క్రిస్మస్‌కో కార్డు, అంతే సంబంధం.

మా ఇళ్ళకి మేడ మీద రెండే గదులు. ముందు గదిలో మొగుడూ పెళ్ళాం పడుకుంటారు. వెనక గదిలో ఎవరుంటారు? రైళ్ళు. బొమ్మ రైళ్ళు.

మా ఊరి స్టేషను మా చిన్నప్పుడే మూసేశారు. పట్టాలు పీకేశారు, ఇప్పుడక్కడ కార్లు ఆపుకుంటారు. ఆ స్టేషన్ని ఈ మహానుభావుడు వెనక గదిలో, నాలుగు గోడల చుట్టూ నడుమెత్తు బల్లలు వేసి, మళ్ళీ కట్టాడు. సొరంగాలు, వంతెనలు, అట్టతో కొండలు, కొండల మీద గోరంత గొర్రెలు. ప్లాట్‌ఫారం మీద పచ్చజెండాతో వేలెడంత స్టేషన్ మాస్టరు. ఈయనేదో రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడనుకునేరు. కార్పెట్ల షాపులో కొలతలు తీసేవాడు. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టాడు, ముసలాడయ్యాడు, ఆ కొండల మీద గడ్డి అంటించడం ఇంకా అవలేదు.

సోషల్ వర్కర్ వచ్చి వెళ్ళిన మర్నాడు నన్ను టీకి పిలిచారు. రోలండ్ బల్ల మీద కాగితం పరిచి పెన్సిలుతో ఏదో గీస్తున్నాడు.

"అటక మీద గది కట్టేస్తున్నా," అన్నాడు తలెత్తకుండా. "పైన బోలెడు చోటుంది. కింద దూలాలున్నాయి, వాటి మీద చెక్కలు కొట్టేస్తే నేల. కప్పుకో కంత కొడితే కిటికీ. నిచ్చెనేస్తే మెట్లు. ఇంతోటి దానికి కౌన్సిల్ వాళ్ళు మనుషుల్ని హడలగొడతారు."

"వెనక గది ఉందిగా," అన్నాను నేను.

మా వాళ్ళకో గుణముంది. ఇంట్లో నిజం నోరు తెరిచిందంటే చాలు, ఎవరో ఒకరు లేచి కెటిల్ పెడతారు. మా చెల్లెలు లేచి కెటిల్ పెట్టింది. అందరి కప్పుల్లోనూ టీ నిండుగా ఉంది.

"వెనక గదిలో రైల్వే ఉంది, హేజెల్," అన్నాడు రోలండ్, నాకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు.

"తీసెయ్యి."

"తీసెయ్యడానికి అదేమన్నా కుర్చీయా? బల్లలు గోడకి బిగించి ఉన్నాయి. కదిలిస్తే పట్టాలు విరుగుతాయి. అయినా అది ఎవరికోసమనుకున్నావు? రేపు పిల్లాడు ఆడుకోడానికే."

"ఆడుకోడానికి ముందు వాడు ఈ ఇంటికి రావాలి కదా, రోలండ్."

"అందుకే కదా అటక కట్టేది."

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టండి అన్నాడట వెనకటికెవడో. నేను చెల్లెలి వంక చూశాను. అది నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళయినప్పటి నుంచి ఆ గదిలో చీపురు పెట్టాలన్నా మొగుణ్ణి అడిగి పెడుతుంది, దుమ్ము లేస్తే ఇంజన్లు పాడవుతాయని. అది బిస్కట్ల డబ్బా నా ముందుకి తోసింది.

ఆ వారమే రంపం మొదలైంది. పగలంతా కర్ర్, కర్ర్. నా పడకగది సీలింగు మీంచి సున్నం రాలి దుప్పటి మీద పడింది. వెళ్ళి అడిగితే, "పైన అడ్డదిడ్డంగా కర్రలున్నాయి, మనిషి నడవడానికి లేదు, తీసేస్తున్నా," అన్నాడు నింపాదిగా. నేను కేకలేశాను. ఆయన నా చెప్పుల వంక చూసి, "కార్పెట్ మీదికి బురద వస్తోంది," అన్నాడు. కార్పెట్ల షాపు బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఒక్క మంచి పని మా చెల్లెలే చేసింది. అటక గది అయితే ఇంజనీరు చూసి సరే అనాలి అని సోషల్ వర్కర్ చెప్పిందట, ఆ మాట గుర్తుపెట్టుకుని మొగుడికి చెప్పకుండా స్ట్రక్చరల్ ఇంజనీరుకి ఫోన్ చేసింది. వచ్చింది ఒక వేల్స్ అమ్మాయి, బెథన్ ప్రైస్ అని. పొడుగాటి మనిషి, తలకి టోపీ, చేతిలో టార్చి. రోలండ్ ఆమెను చూసి, ఆమె వెనకాల ఇంకెవరన్నా వస్తారేమోనని వీధిలోకి చూశాడు.

"నేనే ఇంజనీర్ని," అంది ఆమె. ఇలా అనడం ఆమెకి అలవాటైపోయినట్టుంది.

ఏవ్రిల్‌తో సహా ముగ్గురూ అటకకి నిచ్చెనెక్కారు. నా మోకాళ్ళు పైదాకా రావు కాబట్టి నేను నిచ్చెన మీదే ఆగి, సీలింగులోని కంతలోంచి తల మాత్రం పైకి పెట్టాను. అంత మంచి తమాషా వదులుకునేదాన్ని కాదు.

"మీరు నేల అంటున్నది ఇదేనా?" అంది బెథన్, కాలితో దూలం మీద మెల్లగా నొక్కి.

"అదే. ఇల్లు కట్టినప్పటి దూలాలు. ఇప్పుడలాంటి చెక్క దొరకదు."

"దొరకదు, నిజమే. కానీ ఇవి కింది గదుల సీలింగుని పట్టుకోడానికి వేసినవి. మనుషుల్ని మోయడానికి కాదు. మీరిప్పుడు సరిగ్గా మధ్యలో నిలబడ్డారు కాబట్టి చెబుతున్నాను, కొంచెం గోడ వైపు జరగండి."

రోలండ్ జరిగాడు. గట్టిగా అడుగేయబోయి మళ్ళీ మెల్లగా వేశాడు.

"మా నాన్న ఇక్కడే ఆపిల్ పళ్ళు దాచేవాడు, బస్తాలకి బస్తాలు," అన్నాడు.

"ఆపిల్ పళ్ళు ఎగరవు, గెంతవు. ఆరేళ్ళ పిల్లాడు గెంతుతాడు," అంది ఆమె. "ఇక్కడ గది కావాలంటే ఈ సన్నవాటి పక్కన లోతైన కొత్త దూలాలు వెయ్యాలి. అవి కింది సీలింగుకి తగలకూడదు. వాటి బరువు గోడల మీదికి దిగాలి, అందుకు ఇనుప దూలాలు కావాలి. ఆ ఇనుప దూలాల చివర్లు కూర్చునే చోట గోడకి ఆ సత్తువ ఉందో లేదో చూడాలి. మెట్లు కావాలి, నిచ్చెన కుదరదు. నిప్పంటుకుంటే వాడు దిగొచ్చే దారి కావాలి. ఇవన్నీ అయ్యాక నేల లేస్తుంది, కప్పుకి చలి ఆపే పొర వేస్తే కప్పు దిగుతుంది. నిలబడడానికి ఎంత మిగులుతుందో మీరే చూడండి."

"పిల్లాడు పొట్టిగానే ఉంటాడు," అన్నాడు రోలండ్.

"పిల్లలు పెరుగుతారు, రోలండ్," అన్నాను కంతలోంచి. "నీ స్టేషన్ మాస్టరులా ఉండిపోరు."

ఆమె నవ్వు ఆపుకుని టార్చి కప్పు వైపు తిప్పింది. వెలుతురు ఒకచోట ఆగింది.

"ఇక్కడో ఊతకర్ర ఉండాలి. ఎవరు కోశారు?"

"నేనే. అడ్డంగా ఉంటేను."

"పైన రాతిపలకల బరువంతా ఈ వాసాల మీద ఉంది. వాసాల బరువు ఈ అడ్డదూలం మీద. అడ్డదూలాన్ని ఈ ఊతకర్రలు నిలబెడుతున్నాయి. మీరు మధ్యలోదాన్ని తీసేశారు."

"మిగతావి ఉన్నాయిగా."

మంచానికి ఒక కోడు కోసేసి మిగతావి ఉన్నాయిగా అనే మనిషితో ఎవరు వాదిస్తారు? ఆమె వాదించలేదు. వంగి, రెండిళ్ళ మధ్య గోడకి ఆనుకుని కప్పులోంచి పైకి పోయే ఇటుకల స్తంభం దగ్గరికి వెళ్ళింది. అదే మా పొగగొట్టం. ఈ వైపు సగం వాళ్ళది, ఆ వైపు సగం నాది.

"ఇది కిందికెలా దిగుతుంది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు రోలండ్ వెంటనే అందుకున్నాడు. "కింద హాల్లో చలి కాచుకునే పొయ్యి చూశారుగా. దాని మీద ఇటుక కట్టు ఉంది. బ్రహ్మాండంగా ఉంది. నూరేళ్ళ కిందటిది."

"హాల్లో చూశాను. హాలుకీ అటకకీ మధ్యలో ఉన్న ఆ వెనక గది చూడలేదు."

"అందులో రైల్వే ఉంది. దుమ్ము పడకూడదు. తాళం వేసుంచుతాను."

బెథన్ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ స్తంభం అడుగున కప్పి ఉన్న దూదిలాంటి పొరని చేత్తో పక్కకి తీసింది. టార్చి దగ్గరగా పెట్టింది. చాలాసేపు అలాగే చూసింది. తర్వాత ఎంత మెల్లగా లేచిందంటే, నిద్రపోతున్న పసివాడి పక్కనుంచి లేచినట్టు లేచింది.

"అందరం కిందికి దిగుదాం," అంది. "ఒక్కొక్కరుగా. గెంతకుండా."

దిగి, మేడ మీద నడవలో వెనక గది తలుపు ముందు నిలబడ్డాం. "తాళం ఇవ్వండి," అంది ఆమె. రోలండ్ జేబులు తడిమాడు. కింద మరిచిపోయానన్నాడు. ఎక్కడ పెట్టానో అన్నాడు. ముందు కాస్త టీ తాగుదామన్నాడు. ఏవ్రిల్ ఏప్రన్ జేబులోంచి ఇంకో తాళంచెవి తీసి తలుపు తెరిచింది. ఆ తాళంచెవి తన దగ్గర ఉందని మొగుడికే తెలియదని ఆయన ముఖం చూస్తే అర్థమైంది.

గదిలో అట్టకొండలు, గొర్రెలు, స్టేషను అన్నీ ఉన్నాయి. పొయ్యి ఉండవలసిన గోడ మాత్రం పలకలా చదునుగా ఉంది. పైన సీలింగు నుంచి కింద నేల దాకా ఏమీ లేదు. ఇటుక స్తంభం ఉండవలసిన చోటులోంచి పట్టాలు హాయిగా పోతున్నాయి. పొగగొట్టం కింద హాల్లో ఉంది, పైన అటకలో ఉంది, మధ్యలో లేదు. నడుము తీసేసిన మనిషిలా ఉంది.

"ఎప్పుడు తీశారు?" అంది బెథన్.

ఎప్పుడో నాకు అప్పుడు వెలిగింది. చాలా ఏళ్ళ కిందట ఒక వేసవిలో నేనూ ఏవ్రిల్ స్కార్బరో సముద్రం చూడ్డానికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి పెరట్లో ఎర్ర ఇటుకలతో ముచ్చటైన కాలిబాట వేసి ఉంది. ఆ బాటని నేనే మెచ్చుకున్నాను కూడా. ఇంత ఓపికుందా మా మరిదికి, అనుకున్నాను.

"రైలు చుట్టూ తిరగాలి కదా," అన్నాడు రోలండ్. గొంతు సన్నబడింది. "ఆ ఇటుకలు అడ్డమొచ్చేవి. రైలు ఆ గోడదాకా వెళ్ళి, ఆగి, వెనక్కి రావలసొచ్చేది. నిజం రైళ్ళు అలా నడవవు."

"పైదాన్ని దేని మీద నిలబెట్టారో తెలుసా?"

"గట్టి చెక్కే పెట్టాను."

"రెండు మంచం పట్టెలు," అంది బెథన్ మాకేసి తిరిగి. "వాటికడ్డంగా ఒక తలుపు చెక్క. వాటి మీద ఒక కారంత బరువు ఇటుక ఉంది. ఆ పట్టెలు వంగిపోయి ఉన్నాయి. నిజానికి అది పడకుండా ఆపుతున్నది అవి కూడా కాదు. మీ సగం," అని నన్ను చూసింది. "గోడకి అటువైపు మీ పొయ్యి స్తంభం నిండుగా ఉంది. ఇన్నేళ్ళూ అదే రెండిటినీ మోస్తోంది."

ఈ మనిషి బరువు నేను మోస్తున్నానని ఎప్పుడూ అనుకుంటూనే ఉన్నాను. అది ఇలా అక్షరాలా నిజమని మాత్రం అనుకోలేదు.

"బరువు ఆపడానికి ఇవాళే ఇనుప జాకీలు పెట్టాలి," అంది బెథన్. "ఈ మూల నుంచి కింది హాలు నేల దాకా. అటక సంగతి వదిలెయ్యండి, వేసవిలోగా జరిగే పని కాదు. ముందు దీని సంగతి చూడాలి."

"ఈ మూల నుంచా?" అన్నాడు రోలండ్. ఆ మూలనే స్టేషనుంది. ఆయన బల్లకీ మాకూ మధ్యకి వచ్చి నిలబడ్డాడు. "అక్కర్లేదు. అటకే వద్దంటే గొడవే లేదు కదా. ఉన్నదున్నట్టు వదిలేద్దాం. ఇన్నేళ్ళు నిలబడలేదూ?"

"ఉన్నదున్నట్టంటే?" అంది ఏవ్రిల్.

అది ఎదురు ప్రశ్న వేయడం నేను వినడం అదే మొదలు.

"అంటే... ఎల్లిస్ సంగతి నిదానంగా చూద్దాం. కౌన్సిల్ వాళ్ళు వాణ్ణి ఇస్తామన్న కుటుంబమూ మంచిదే అయ్యుంటుంది. పెద్ద ఇల్లు, తోటా గీటా ఉండొచ్చు. మనం ముసలివాళ్ళం. వాడి మంచి కోసమే అంటున్నా. ఏవ్రిల్, కాస్త టీ పెట్టవా?"

"నువ్వే పెట్టుకో."

బెథన్ కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టింది. ఏవ్రిల్ ఆమె చెయ్యి పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఒక మాట చెప్పమ్మా. పైన వేలాడేదాన్నంతా కప్పు మీంచే ఇటుక ఇటుక విప్పి దించేస్తే, ఈ గదికి ప్రమాదముంటుందా?"

"ఉండదు. పైన బరువే లేకపోతే మోయాల్సిన అవసరమే లేదు. కోసిన ఊతకర్ర మళ్ళీ పెట్టించాలి, అది చిన్న పని. సెలవులు అయ్యేలోగా సులువుగా అయిపోతుంది."

"అప్పుడిందులో పిల్లాడు పడుకోవచ్చా?"

"నిక్షేపంగా. నేల గట్టిది, కిటికీ ఉంది, తలుపుంది, పక్కనే మెట్లున్నాయి. మీకు అటక అవసరమే లేదు." తర్వాత కొంచెం ఆగింది. "కానీ పొగగొట్టం ఇద్దరిదీ. ఒక సగం తీసేస్తే రెండో సగం ఈ కొండగాలికి ఒంటరిగా నిలబడదు. రెండూ దించాలి, అప్పుడు ఆవిడ పొయ్యికి పొగ పోయే దారి ఉండదు. ఆవిడ కూడా ఒప్పుకోవాలి."

అందరూ నా వంక చూశారు.

నా పొయ్యి గురించి చెప్పాలి. వీధిలో అందరూ కరెంటు పొయ్యిలు పెట్టుకున్నారు, లోపల ప్లాస్టిక్ బొగ్గులు, వాటి కింద ఎర్ర బల్బు. నా ఇంట్లో నిజం బొగ్గు, నిజం మంట. మా ఆయన విల్ఫ్ పోయాక చలికాలం సాయంత్రాలు నాతో మాట్లాడేది ఆ మంటే. పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని బూడిద ఎత్తేటప్పుడు, ఇక్కడే ఆయన కూడా ఇలాగే కూర్చునేవాడు కదా అనుకుంటాను. అది లేకపోతే ఆ హాల్లో నేను దేన్ని చూస్తూ కూర్చోవాలి? పిల్లాడి ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూశాను, నాకు మంటే కనపడింది.

"అక్కా," అంది ఏవ్రిల్. అంతే, ఇంకేం అడగలేదు. తనకోసం అడగడం దానికి రాదు.

రోలండ్‌కి మాత్రం ప్రాణం లేచొచ్చింది. "చూశావా, తనదాకా వస్తేగానీ తెలియదు. బొమ్మ రైళ్ళు, బొమ్మ రైళ్ళు అని ఇన్నేళ్ళు నన్ను ఎద్దేవా చేశావు. నీ బొగ్గు కుంపటి వదులుకో చూద్దాం."

ఆ మాట అనకుండా ఉంటే నేను ఎంతసేపు అలా నిలబడి ఉండేదాన్నో నాకే తెలియదు. అంత నీచంగా ఆ మనిషి పక్కన, ఆ మనిషిలాగే నిలబడి ఉన్నానని అప్పుడు కనపడింది. నాకు నా మీదే అసహ్యమేసింది.

"దించెయ్యమ్మా," అన్నాను బెథన్‌తో. "రెండు సగాలూ. రేపే మొదలుపెట్టించు. నా కుంపటి నాకే బరువు."

అబద్ధమే. ఇంటికొచ్చి దాని ముందు కూర్చుని, వేసవి అని కూడా చూడకుండా మంట పెట్టుకున్నాను.

సాయంత్రానికి జాకీలు వచ్చాయి. అంతకు ముందే ఏవ్రిల్ కూరగాయల కొట్టు నుంచి అట్టపెట్టెలు తెచ్చింది. రోలండ్ గుమ్మంలో కూర్చుని, ఇంటి మనిషిని తీసుకెళుతున్నట్టు చూస్తుంటే, అది స్క్రూడ్రైవరుతో స్టేషన్ని పునాదితో సహా ఊడదీసింది. పచ్చజెండా మనిషిని పాత మేజోడులో చుట్టింది. ఒక గొర్రె విరిగింది. "సారీ," అంది మొగుడితో, మావాళ్ళకి అలవాటైన మర్యాదతో, మరో గొర్రెని అందుకుంటూ. మూడో పెట్టె నిండేసరికి రోలండ్ లేచి, "అలా కాదు, అలా పీకితే పట్టాలు వంగుతాయి," అంటూ తనే విప్పడం మొదలుపెట్టాడు. సాయం చేశాడని ఎవరూ పొరబడకండి, దాని చేతుల్లోంచి తన రైళ్ళని కాపాడుకున్నాడు, అంతే. పెట్టెలన్నీ పెరట్లో షెడ్డులోకి పోయాయి. అటకలోకి ఎక్కిస్తానన్నాడు ఒకసారి. ఆ దూలాలు మోయవని నేనే గుర్తుచేశాను, చాలా సంతోషంగా.

పొగగొట్టం దిగింది. కప్పు మీద కొత్త రాతిపలకలు వచ్చాయి. నా హాల్లో పొయ్యి నోటికి చెక్క కొట్టి, దాని ముందు కరెంటు పొయ్యి పెట్టారు, ఎర్ర బల్బుతో సహా. దాని మీద నేను ఒక తువ్వాలు కప్పి ఉంచాను. బెథన్ మళ్ళీ వచ్చి చూసి సరే అంది. సోషల్ వర్కర్ వచ్చి గది తలుపు రెండుసార్లు వేసి తీసి చూసింది. గోడకి లేత పసుపు వేశారు. బల్లలు బిగించిన చోట బెజ్జాలు పూడ్చినా మచ్చలు కనపడుతూనే ఉన్నాయి.

సెలవుల చివర్లో ఒక వానరోజు ఎల్లిస్ వచ్చాడు. ఒక వీపుసంచి, ఒక ప్లాస్టిక్ కవరు, అంతే సామాను. నేను కేక్ పట్టుకుని వెళ్ళేసరికి అందరూ మేడ మెట్ల మీదే ఉన్నారు. పిల్లాడు గది గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. లోపలికి వెళ్ళలేదు, సంచి దించలేదు.

"ఇది నీ గది, నాన్నా," అంది ఏవ్రిల్.

వాడు గోడ మీద మచ్చల్ని చూశాడు.

"ముందు ఎవరిది?"

ఏవ్రిల్ సంచి అందుకోబోతే వాడు ఇవ్వలేదు.

"ఇంతకుముందు ఇంట్లో కూడా నా గదే అన్నారు," అన్నాడు వాడు. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, మాకు తెలియని సంగతి చెబుతున్నట్టు. "ఇంకో అబ్బాయిది. వాడు తిరిగొచ్చాడు. నేను వేరే ఇంటికి వెళ్ళాను. ఈ గది వాళ్ళు ఎప్పుడొస్తారు?"

ఏవ్రిల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ముఖం తిప్పుకుని రోలండ్ వంక చూశాను. ఇప్పుడు రైళ్ళ పురాణం విప్పుతాడు, షెడ్డులోకి తీసుకెళ్ళి పెట్టెలు చూపిస్తాడు, తన త్యాగం గురించి పిల్లాడికి చెప్పి మరీ ఏడుస్తాడు, అనుకున్నాను. నాలుక చివర నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను.

రోలండ్ మెట్టు మీద వంగి, మోకాలి మీద చెయ్యి ఆనించి, పిల్లాడి ఎత్తుకి వచ్చాడు.

"ఎవరిదీ కాదురా," అన్నాడు. "నువ్వు పుట్టినప్పటి నుంచీ ఖాళీగానే ఉంది. వచ్చేవాళ్ళెవరూ లేరు."

నాకు తెలిసినంతవరకు ఆ మనిషి జన్మలో ఆడిన పనికొచ్చే అబద్ధం అదొక్కటే. సిద్ధం చేసుకున్న నాలుగు మాటలూ మింగేశాను.

ఎల్లిస్ తాతయ్య ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి, మంచం మీద కూర్చుని, బూట్ల లేసులు విప్పుకోవడం మొదలుపెట్టాడు.